లాంబ్డా స్థిరాంకమా, ఎఫ్(ఆర్) గురుత్వమా?

విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందని 1998లో సూపర్‌నోవాల (పేలిపోయే తారల) కొలతలు చూపాయి. కారణం వెతికేవారి ముందు రెండు దారులున్నాయి: ఐన్‌స్టీన్ సమీకరణాల్లో లాంబ్డా అనే స్థిరాంకం ఉంచడం, లేదా గురుత్వ సూత్రాన్నే సవరించడం. రెండో దారిలో ఎక్కువగా పరీక్షకు నిలిచింది ఎఫ్(ఆర్).

లాంబ్డాకు కావలసింది ఒక్క సంఖ్యే. విశ్వంలోని శక్తిలో దాదాపు 70 శాతం దానిదనుకుంటే సూపర్‌నోవాలు, విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన నేపథ్య వికిరణం, గెలాక్సీల అమరిక చాలావరకు ఒకే లెక్కలో ఇముడుతాయి. చిక్కల్లా ఆ సంఖ్య అంత చిన్నదెందుకన్నదే.

ఐన్‌స్టీన్ సూత్రంలో ఆర్ అనే స్థలకాల వక్రత ఉన్నచోట, ఎఫ్(ఆర్)లో ఆ వక్రత ప్రమేయం వస్తుంది. దాని వెంటే ఒక అదిశ క్షేత్రం (ప్రతి చోటా దిశ లేని ఒక్క విలువే ఉండేది) పుట్టి గురుత్వాన్ని మూడో వంతు దాకా పెంచగలదు. సౌరకుటుంబంలో అంత తేడా ఉంటే ఎప్పుడో పట్టుబడేది. అందుకే ఊసరవెల్లి పద్ధతి: సాంద్రత ఎక్కువున్న చోట ఆ క్షేత్రం బరువెక్కి, దాని బలం చేరే దూరం కుదించుకుపోతుంది. ఈ షరతుకు లొంగిన నమూనాల విస్తరణ చరిత్ర లాంబ్డాకు దాదాపు నకలే! సూపర్‌నోవాలతో వాటిని విడదీయలేం.

తేడా పట్టాలంటే గెలాక్సీ గుచ్ఛాల అంచులు చూడాలి. అదనపు బలం గెలాక్సీలను లాగుతుంది, కాంతిని దాదాపు తాకదు. కాబట్టి కాంతి వంపుతో కట్టిన ద్రవ్యరాశి కన్నా వేగాలతో కట్టినది ఎక్కువ రావాలి. ఈమధ్యే ఢీకొన్న గుచ్ఛాల్లో వేగాలు ఎలాగూ చెదిరి ఉంటాయి. వాటిని ముందే ఏరి పక్కనపెట్టాలి.

2017 ఆగస్టు 17న న్యూట్రాన్ తారల విలీనం నుంచి గురుత్వ తరంగాలు అందిన 1.7 సెకన్లకే గామా కిరణాలొచ్చాయి; అంటే ఆ తరంగాల వేగం దాదాపు కాంతి వేగమే. తరంగ వేగాన్ని మార్చే సవరణలు అనేకం దాంతో కూలాయి. ఎఫ్(ఆర్)లో ఆ వేగం కాంతి వేగమే కాబట్టి అది నిలిచింది. అయినా రోజువారీ లెక్కలకు లాంబ్డానే నయం.