కాన్సియెర్జెరీ, సాంత్ షాపెల్: ముందు చెరసాల, ఆ తరువాతే రంగుటద్దాలు

పారిస్ నడిబొడ్డున, సీన్ నది మధ్యనున్న సితే ద్వీపంలో, మధ్యయుగపు ఫ్రెంచి రాజులు నివసించిన ప్రాసాదంలో సందర్శకులకు తెరిచి ఉన్నవి రెండు: తరువాతి కాలంలో చెరసాలగా మారిన కాన్సియెర్జెరీ, తొమ్మిదవ లూయీ కట్టించిన సాంత్ షాపెల్ అనే గోతిక్ ప్రార్థన మందిరం. రెండింటికీ కలిపి ఒకే టికెట్టు తీసుకోవచ్చు. చాలామంది ముందు మందిరం చూసి, పొద్దు మిగిలితే చెరసాలలోకి తొంగిచూస్తారు. ఆ కిటికీల వెలుగు చూసి వచ్చిన కళ్లకు ఈ రాతి చీకటి ఆనదు కనుక, నేను మాత్రం చెరసాలతోనే మొదలుపెట్టమంటాను.

కాన్సియెర్జెరీలో అసలు చూడవలసినది ఖైదు గదులు కావు, సైనికుల శాల. నాలుగవ ఫిలిప్ హయాంలో, 14వ శతాబ్దం తొలినాళ్లలో కట్టిన ఈ శాల పొడవు సుమారు 64 మీటర్లు. రాజు కొలువులో పనిచేసే దాదాపు 2,000 మంది ఇక్కడే భోజనం చేసేవారు. ఇప్పుడు అందులో బల్ల గాని తెర గాని లేదు. ఆ ఖాళీతనమే నాకు నచ్చింది. వరుస వరుసలుగా నిలిచిన స్తంభాల మీద కమానులు ఎలా అల్లుకున్నాయో అడ్డు లేకుండా కనిపిస్తుంది.

చెరసాల భాగం ఆశించినంత కదిలించలేదు. ఫ్రెంచి విప్లవకాలంలో, 1793 ఆగస్టు నుంచి అక్టోబరులో గిలటిన్ అనే తల నరికే యంత్రం పాలయ్యేదాకా రాణి మేరీ ఆంటోనెట్‌ను ఉంచిన గది ఉన్నచోట, పద్ధెనిమిదవ లూయీ ఆమె స్మృతికి చిన్న ప్రార్థన గది కట్టించాడు. కాబట్టి రాణి గది చూద్దామని వచ్చినవారికి కనబడేది సమాధిమందిరం లాంటి అలంకరణ. అంతకంటే మహిళా ఖైదీలు బట్టలు ఉతుక్కున్న నీటితొట్టె ఉన్న పెరడు ఎక్కువ చెబుతుంది. డబ్బిచ్చినవారికి మంచం, ఇవ్వలేనివారికి గడ్డి అన్న ఆనాటి ఏర్పాటు తెలిశాక, విప్లవ న్యాయస్థానం ముందు నిలబడినవారి పేర్లున్న గోడను చదవడం అంత తేలిక కాదు.

సాంత్ షాపెల్ న్యాయస్థాన భవనాల ఆవరణలో ఉన్నందున తనిఖీ గట్టిగా ఉంటుంది. చాకు, కత్తెర వంటివి వెంట తీసుకుపోకూడదు. లోపలికి వెళ్లగానే ఎదురయ్యే నీలి, బంగారు రంగుల కింది మందిరం రాజు పరివారం కోసం కట్టినది. అదే అంతా అనుకుని వెనుదిరగకండి. ఇరుకైన మెలికల మెట్లెక్కితే రాజు ప్రార్థించిన పై మందిరం వస్తుంది. క్రీస్తుదని నమ్మిన ముళ్ల కిరీటాన్ని భద్రపరచడానికి తొమ్మిదవ లూయీ దీనిని కట్టించగా 1248లో ప్రతిష్ఠ జరిగింది. కిరీటానికి 1,35,000 లీవ్రులు (నాటి ఫ్రెంచి నాణెం లెక్క), మందిరానికి సుమారు 40,000 లీవ్రులు ఖర్చయ్యాయని చెబుతారు. పెట్టెకంటే నగ ఖరీదు మూడింతలన్నమాట. బయటి ఆనుడు స్తంభాలు, రాతిలో దాచిన ఇనుప కట్లు బరువు మోయడం వల్ల గోడ ఉండవలసిన చోట దాదాపు 15 మీటర్ల ఎత్తున అద్దాలే నిలిచాయి. 15 కిటికీలలో 1,113 దృశ్యాలున్నాయి. బైబిలులోని ఆదికాండంతో మొదలుపెట్టి, కింది నుంచి పైకి, ఎడమ నుంచి కుడికి చదువుకోవాలి. పై వరుసలు మామూలు కంటికి అందవు, చిన్న దుర్భిణి ఉంటే మేలు. బైబిలు చివరిదైన ప్రకటన గ్రంథాన్ని చూపే గుండ్రని పెద్ద కిటికీ పడమటి గోడకు ఉంది కాబట్టి, ఎండ కాసే రోజున సాయంత్రపు ప్రవేశ సమయాన్ని ఎంచుకోండి.