రెండు కాపురాలు, రెండు రకాల గుట్టు

శ్రీకాకుళంలో నాగావళికి దగ్గరగా ఉన్న మా ఇంట్లో, ముసురు పట్టిన రోజుల్లో కాపురంలోని రహస్యాల చుట్టూ అల్లిన రెండు ఆంగ్ల నవలలను వెంటవెంటనే చదివాను. ఒకటి డాఫ్నీ డ్యు మారియర్ రాయగా 1938లో వెలువడిన ‘రెబెకా’, మరొకటి గిలియన్ ఫ్లిన్ రాయగా 2012లో వచ్చిన ‘గాన్ గర్ల్’.

మొదటిదానిలో గుట్టు భర్తది. పెద్ద బంగళాకు రెండవ భార్యగా వచ్చిన, చివరివరకూ పేరైనా తెలియని యువతి ఈ కథ చెబుతుంది. చనిపోయిన మొదటి భార్య గదిని ఇంటి అజమాయిషీ చూసే మిసెస్ డాన్వర్స్ ఎప్పటిలాగే పదిలంగా ఉంచడంతో, ఆ యువతి తన ఇంట్లోనే చుట్టపుచూపుగా వచ్చినదానిలా మసలుతుంది. అత్తవారింట ఏ బీరువా తెరవవచ్చో తెలియక తటపటాయించే కొత్త కోడలి బెరుకును మన ఊళ్లలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

రెండవదానిలో ఐదవ పెళ్లిరోజున భార్య మాయమవుతుంది. భర్త మాటలు, భార్య డైరీ ఒకదాని తర్వాత ఒకటిగా నడుస్తాయి. ఇద్దరినీ పూర్తిగా నమ్మలేము. (ఇంతకు మించి చెబితే చదవబోయేవారికి అన్యాయం.)

బిగువులో ‘గాన్ గర్ల్’దే పైచేయి. అయితే మలుపు తెలిశాక దాని పట్టు నా మటుకు కొంత సడలింది. ‘రెబెకా’లో మాత్రం నిజం తెలిసి మళ్లీ చదివినప్పుడు భర్త ముభావానికి ప్రతిచోటా కొత్త అర్థం కనిపించింది. 1940లో హిచ్‌కాక్ తీసిన చిత్రంలో, ఆనాటి సెన్సారు నియమాల వల్ల ఆ నిజం తీవ్రతను తగ్గించారు కనుక, నవలనే ముందు చదవాలి.