కోరీ టెన్ బూమ్ మ్యూజియం, హార్లెమ్: క్షమించడం కష్టమనుకునేవారు చూడవలసిన ఇల్లు

నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ పట్టణంలో, ఒకప్పటి గడియారాల దుకాణంపైన ఉన్న ఈ మ్యూజియం, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యూదులను నాజీల నుంచి దాచిన క్రైస్తవురాలు కోరీ టెన్ బూమ్ ఇల్లు. దీన్ని, తనకు కీడు చేసినవారిని క్షమించలేకపోతున్న ప్రతి క్రైస్తవుడూ చూడాలని నా అభిప్రాయం. మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉన్నందున వృద్ధులకు కష్టమే.

1944 ఫిబ్రవరి 28న నాజీ పోలీసులు దాడి చేసినప్పుడు అక్కడ ఆశ్రయం పొందుతున్న ఆరుగురు దాక్కుని ప్రాణాలు దక్కించుకున్న రహస్యపు సందు, కోరీ పడకగదిలో దొంగగోడ వెనుక ఉంది. వారు దొరకలేదు గానీ, ఆశ్రయమిచ్చిన కోరీ తండ్రి చెరలో పది రోజులకే కన్నుమూశారు. అక్క బెట్సీ అదే ఏడాది డిసెంబరులో, కోరీతో పాటు ఖైదీగా ఉన్న రావెన్స్‌బ్రూక్ నాజీ నిర్బంధ శిబిరంలో మరణించారు. 1947లో మ్యూనిక్‌లో ఆ శిబిరపు మాజీ కాపలాదారు ఒకడు కోరీ ఎదుట నిలిచి, చేయి చాచి క్షమాపణ కోరినప్పుడు, ఆమె చేయి మొదట కదలలేదు. మనుషుల అపరాధాలను మనం క్షమించకపోతే తండ్రి మనల్ని క్షమించడని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు చెప్పిన మాట ఆమెకు తెలుసు కనుక, మనసులో ప్రేమ లేకపోయినా దేవుని సహాయం అడిగి చేయి అందించారు.

క్షమించడమంటే నేరాన్ని తక్కువ చేయడం కాదని, క్రీస్తు వల్ల మనం పొందిన క్షమాపణను ఇతరులకు ఇవ్వడమని, ఆ సందు ముందు నిలబడినప్పుడు నాకు ఏ ప్రసంగంలోనూ తెలియనంత స్పష్టంగా తెలిసింది. గైడ్ వెంటే లోపలికి వెళ్లాలి కాబట్టి ముందుగానే ఆన్‌లైన్‌లో సమయం నమోదు చేసుకోండి.