డాషండా, పామ్ కుక్కా, వీధికుక్క పిల్లా? రాయగడ ఇంటికి ఏ మొండిఘటం మేలు

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో కుక్కను పెంచుకుందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "చిన్నది కావాలండీ, మాట వినేది కావాలి." ఈ రెండూ ఒకే కుక్కలో దొరకడం కష్టం. చిన్న జాతుల్లో చాలావాటికి మంకుపట్టు పుట్టుకతోనే వస్తుంది. అందుకని ఏ రకం మొండితనంతో వేగగలమో చూసుకుని తెచ్చుకోవడం మంచిది.

మా ఇంట్లో ఉన్నది డాషండ్. కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను, కాస్త పక్షపాతం ఉంటే సర్దుకోండి. జర్మనీలో బొరియల్లో దాగే బ్యాడ్జర్లనే జంతువులను వేటాడటానికి ఈ జాతిని పెంచారు. పొట్టి కాళ్లు, పొడుగు నడుం, ఒంటికి మించిన గొంతు, అన్నీ ఆ పని కోసం వచ్చినవే. నేల లోపల చీకట్లో యజమాని మాట వినబడదు. ముందుకు పోవాలో వెనక్కి రావాలో అదే తేల్చుకోవాలి. తరతరాలుగా అలా బతికిన జాతి మనం "రా" అనగానే పరుగెత్తుకొస్తుందా?

మావాడు పెరట్లో జామచెట్టు కింద పందికొక్కు కన్నం పట్టుకున్నాడంటే ఆ పూట ఇక అంతే. మూతి, ముందుకాళ్లు, సగం ఛాతీ లోపల. బయట కనిపించేది వెనక భాగం, నిటారుగా నిలబడ్డ తోక. మట్టి వెనక్కి చిమ్ముకొచ్చి ఆరేసిన చీర అంచు మీద పడుతుంటుంది. పేరు పెట్టి పిలిస్తే తోక ఒక్కసారి ఊపుతాడు. వినబడింది అని చెప్పడమన్నమాట, వస్తానని కాదు. అమ్మ తెలుగులో తిడుతుంది, ఎదురింటి ఒడియా పెద్దాయన గోడ మీంచి తన భాషలో బతిమాలతాడు. ఎవరేమన్నా వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వంటింట్లో ఉడికిన గుడ్డు పెంకు చితికిన చప్పుడు మాత్రం కన్నంలో ఉన్నా వినబడుతుంది, అదేమి చెవులో!

ఇంత నవ్వుకున్నాక భయపడాల్సినవి కూడా చెప్పాలి. వానాకాలంలో ఆ కన్నాల్లో ఎలకే ఉండాలని లేదు, పాము కూడా ఉండొచ్చు. తోట, గడ్డివాము ఉన్న ఇల్లయితే కన్నాలు పూడ్చాకే డాషండ్‌ను తెచ్చుకోండి. రెండోది నడుం. ఆ పొడుగు వెన్నులో డిస్కులు జారడం ఈ జాతికి పెద్ద జబ్బు. నాలుగైదు డాషండ్లలో ఒకదానికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని పశువైద్యులు చెబుతారు. మెట్లు ఎక్కి దిగడం, మంచం మీంచి, స్కూటర్ ముందునుంచి దూకడం మాన్పించాలి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టాలి. పిల్లలు చంకల్లో చేతులు వేసి వేలాడదీస్తారు, అది అస్సలు కూడదు. లావెక్కనివ్వకూడదు కూడా. వెనక కాళ్లు తడబడితే మర్నాటి దాకా ఆగకుండా ఆరోజే డాక్టర్‌కు చూపించాలి. ఎక్స్‌రే, ఆపరేషన్ దాకా పోతే భువనేశ్వర్ చాలా దూరం. విశాఖ, లేదంటే విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల మనకు దగ్గర.

ఇక పామ్. మనం పామ్ అని పిలిచే తెల్ల బొచ్చుకుక్కల్లో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్. అసలు పొమెరేనియన్ ఇంకా చిన్నది. 1980, 90లలో విదేశీ జాతులు అంత సులువుగా దొరకని రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలో ఇదే రాజ్యమేలింది. దీని బుర్ర చురుకు. ఏదైనా చెబితే డాషండ్ కంటే ముందు నేర్చుకుంటుంది. మొండితనమంతా దీని నోట్లోనే ఉంది. గ్యాస్ బండ వచ్చినా, పాలవాడు గంట కొట్టినా, పక్కింటి అటకమీద పిల్లి కదిలినా మొదలుపెడుతుంది. ఆపమంటే ఇంకాస్త గట్టిగా అరుస్తుంది. గోడలు కలిసిన వరసిళ్లలో ఉండేవాళ్లు ముందు పక్కింటివాళ్లతో ఓ మాట అనుకోవడం మేలు.

పామ్ విషయంలో ఏ ఊరన్నది కూడా చూడాలి. కోరాపుట్ పట్టణం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ ఈ బొచ్చు దానికి దుప్పటి. రాయగడ లోయలో ఉంది, మే నెలలో ఎండ నలభై దాటితే అదే బొచ్చు శాపం. అలాగని గుండు గీయించకండి. రెండు పొరల బొచ్చు ఎండ వేడి నేరుగా చర్మానికి తగలకుండా కూడా ఆపుతుంది. దువ్వెనతో రోజూ ఊడే వెంట్రుకలు తీసి, పగలంతా నీడలో, నీళ్లగిన్నె దగ్గర ఉంచితే చాలు.

చప్పిడి ముక్కు పగ్ గురించి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో కనిపించాక అందరికీ ఆ కుక్కే కావాల్సొచ్చింది. కుక్కకు ఒంట్లో వేడి దిగేది ముఖ్యంగా నాలుక చాచి రొప్పడం వల్ల. చప్పిడి ముక్కుతో అది సరిగా సాగదు. ఇంట్లో ఏసీ ఉండి, పగలు కరెంటు పోదన్న నమ్మకం ఉంటే మీ ఇష్టం. నేనైతే రాయగడలో వద్దంటాను.

వీధికుక్క పిల్ల విషయంలో మనవాళ్లకు చిన్నచూపు ఎక్కువ. "ఊరకుక్కను ఇంట్లో పెట్టుకోవడమేటి?" అని మా పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. నిజానికి మన ఎండకు, మన వానకు దీనికున్నంత ఓర్పు ఇంకేదానికీ లేదు. నడుం నొప్పి లేదు, ముక్కు ఇబ్బంది లేదు, డబ్బు పెట్టి కొనక్కర్లేదు. దీని మొండితనం వేరు: గేటు తెరిచి ఉంటే లోపల నిలవదు. వీధంతా తనదే అన్న ధీమా. బెల్టు అలవాటు చిన్నప్పుడే చెయ్యాలి, పెద్దయ్యాక నేర్పబోతే భీష్మించుకుని కూర్చుంటుంది. ఇంకో మాట, ఇది చిన్నగా ఉండిపోదు. ఒళ్లో పట్టిన పిల్ల ఏడాదిలో పదిహేను కిలోల దాకా రావచ్చు.

వీధిదే కదా, సూదులెందుకు అనుకోవడం మాత్రం ప్రమాదం. పార్వో, డిస్టెంపర్ అనే అంటురోగాలు ఏ పిల్లకైనా వస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి వరసగా టీకాలు వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ. గోమార్లు పట్టకుండా మందు కూడా కావాలి. వాటివల్ల వచ్చే జ్వరం ఏ జాతి కుక్కనైనా కుంగదీస్తుంది.

తిండి దగ్గర అన్నీ ఒకటే. గిన్నెలో పెట్టింది వాసన చూసి మొహం తిప్పేస్తాయి, మన కంచం వైపు చూస్తాయి. పెరుగన్నం, ఉప్పు కారం లేని గుడ్డు, చికెన్ పెట్టొచ్చు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర గానీ దాల్మా (ఒడియా పప్పుకూర) గానీ వద్దు, కుక్కల రక్తానికి అవి చేటు. ద్రాక్ష, చాక్లెట్ కూడా కుక్కలకు విషమే. జాలిపడి ఒక్కసారి కంచంలోంచి పెట్టామా, ఇక రోజూ పంచాయితీయే.

నన్నడిగితే, రాయగడ లాంటి చోట వాకిలీ గేటూ ఉన్న ఇంటికి వీధిపిల్లే మొదటి ఎంపిక. మెట్లు లేని ఇల్లు, పగలంతా ఇంట్లో మనిషి, మాట వినకపోతే నవ్వుకునే గుణం ఉంటే డాషండ్ తెచ్చుకోండి, దానంత తమాషా ఇంకోటి లేదు. పామ్ కోరాపుట్, సెమిలిగుడ వైపు వాళ్లకు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లే ఇంట్లో ఉంటే, వంగి ఎత్తుకోవాల్సిన డాషండ్ కంటే వయసొచ్చిన, నెమ్మదైన వీధికుక్క సుఖం.

కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. విశాఖ నుంచి బుట్టల్లో తెచ్చి కళ్లు సరిగా తెరవని పిల్లల్ని అంటగట్టేవాళ్లున్నారు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం తెచ్చిన 2017 నియమాల్లో ఉంది. తల్లిని చూపించమనండి, టీకా కార్డు మీద సీసా స్టిక్కరు, డాక్టర్ సంతకం ఉన్నాయో చూడండి. చూపించడానికి నసిగితే బేరం ఆపేసి వచ్చేయండి.