ఐదుగురి చందా తాడు: నాలుగు చలికాలాలు వాడిన తర్వాత

ఈ సమీక్ష 10.2 మిల్లీమీటర్ల మందం, 60 మీటర్ల పొడవు గల, గుట్టలెక్కడానికి వాడే ఒక డైనమిక్ (సాగే) తాడు గురించి. నల్లగొండకు చెందిన ఐదుగురం చందాలు వేసుకొని హైదరాబాద్‌లో కొన్న ఈ తాడును మా జిల్లా చుట్టుపక్కల గుట్టల మీద నాలుగు చలికాలాల పాటు, అంటే ఏటా అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు, వాడిన తర్వాతే రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ తరగతి తాళ్లన్నీ దాదాపు ఒకే పరీక్షలకు నిలబడి బయటికి వస్తాయి గనుక, కంపెనీకీ కంపెనీకీ ఉన్న తేడా కంటే వాడే బృందానికీ బృందానికీ ఉన్న తేడాయే తాడు ఆయుష్షును ఎక్కువగా నిర్ణయిస్తుందని నా అభిప్రాయం. అందువల్ల ఇందులో తాడు గురించి ఎంత ఉంటుందో దాన్ని పట్టుకున్న చేతుల గురించీ అంతే ఉంటుంది.

కొత్తవారి కోసం ముందుగా కొంత చెప్పాలి. బావిలోకి మోటారు దించే నైలాన్ తాడు గానీ, గుట్ట దిగడానికి వాడే స్టాటిక్ తాడు గానీ పెద్దగా సాగదు. ఎక్కే మనిషి జారితే ఆ కుదుపంతా అతని నడుము మీదా, పైన తాడును బిగించిన ఆధారం (యాంకర్) మీదా పడుతుంది. డైనమిక్ తాడు సాగుతూ ఆ కుదుపును చాలావరకు తనలోకి తీసుకుంటుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 892 ప్రకారం, ఒంటిపేటగా వాడే తాడుకు 80 కిలోల బరువు కట్టి పదే పదే పడవేసినప్పుడు కనీసం ఐదు సార్లు తెగకుండా నిలవాలి. మొదటి సారి పుట్టే కుదుపు 12 కిలోన్యూటన్లు (దాదాపు 1,200 కిలోల బరువు లాగినంత) మించకూడదు. అదే బరువును ఊరికే వేలాడదీసినప్పుడు సాగుదల 10 శాతం దాటకూడదు. దుకాణంలో ఈ అంకెలనే గొప్పగా చూపిస్తారు. అయితే మాలాగా పైన యాంకర్ కట్టి, కింద నుంచి ఒకరు తాడు పట్టుకోగా మరొకరు ఎక్కే పద్ధతిలో అంత పెద్ద పతనాలు ఉండవు. మా తాడుకు అసలు శత్రువు రాపిడి.

దక్షిణ తెలంగాణ గుట్టల గ్రానైటుకు దాదాపు 250 కోట్ల సంవత్సరాల వయసు ఉంటుంది. ఎండకూ వానకూ పైపొరలు ఊడిపోయి, గట్టి గింజలు మాత్రం పైకి తేలి ఉన్న ఆ బండ బూటుకు ఎంత పట్టునిస్తుందో తాడు తొడుగును, అంటే లోపలి పోగులను కప్పి ఉంచే పై నేతను, అంతగా ఆకురాయిలా అరగదీస్తుంది. ఒకే రాయిగా 500 అడుగులకు పైగా లేచిన భువనగిరి గుట్టను దగ్గరగా చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. 2014 మే 25న, పద్నాలుగేళ్లు ఇంకా నిండకుండానే, ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ గుట్ట మీదే. మా బృందంలో ముగ్గురికి గుట్టలెక్కే ఆలోచన కలిగింది ఆ వార్త చదివిన తర్వాతే, శిక్షణ తీసుకున్నదీ భువనగిరిలోనే.

రాపిడి నుంచి కాపాడుకోవడానికి మేం పెట్టుకున్న ఏర్పాట్లు ఖర్చుతో కూడినవి కావు. తాడు బండ అంచు మీదుగా మలుపు తిరిగే చోట మడత పెట్టిన తడి గోనె సంచి వేస్తాం. అది జరగకుండా చూసే పని పాలిటెక్నిక్ చదువుతున్న, మేమంతా తమ్ముడని పిలిచే కుర్రాడిది. కింద తాడును నేల మీద కుప్పగా వేయకుండా, బియ్యం సంచులు విప్పి కుట్టించిన పట్టా మీద పరుస్తాం. ఎర్రమట్టిలోని సన్న ఇసుక తొడుగు నేతలో నుంచి లోపలికి దిగి, తాడు బరువు మోసిన ప్రతిసారీ లోపలి పోగులను కోస్తుంది. ఆ కోత పైకి కనిపించదు. కాబట్టి పట్టా మీది తాడును తొక్కినవారు తిరుగు ప్రయాణంలో నార్కట్‌పల్లి దగ్గర అందరికీ చాయ్ తాగించాలన్నది మా కట్టుబాటు. బడిలో పీఈటీగా పనిచేసే మా సారు ఈ శిక్షను అందరికంటే ఎక్కువసార్లు అనుభవించారు. ఆయన తొక్కిన ప్రతిసారీ తమ్ముడు, “సారూ, ఇయ్యాల మిర్చి బజ్జీలు గూడ,” అని శిక్ష పెంచుతుంటాడు, సారు కూడా కాదనరు.

తాడు పనితనం తెలిసేది కింద పట్టుకున్న మనిషి చేతిలోనే. 10.2 మిల్లీమీటర్ల మందం మాలాంటివారికి సరిగ్గా సరిపోయింది. దీనికంటే సన్నవి తేలికగా ఉంటాయి గానీ, చెమట పట్టిన అరచేతిలో, కింద ఉన్నవారు తాడును ఆపడానికి వాడే బిలే పరికరంలో తొందరగా జారతాయి. బ్యాంకులో పనిచేసే అక్క మాలో అందరికంటే తేలిక. బత్తాయి తోట రైతు అందరికంటే బరువు. మొదటి చలికాలంలో ఒకసారి ఆయన నున్నటి బండ మీద కాలు జారి వేలాడగానే, కింద తాడు పట్టుకున్న అక్క నేల మీద నుంచి జానెడు పైకి లేచింది. తాడు బిగుసుకుంది, ఆమె చెయ్యి వదలలేదు, ఆయనకు మోకాలి చర్మం గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి అక్క తాడు పట్టేటప్పుడు ఆమె హార్నెస్‌ను (నడుముకు కట్టుకునే పట్టీలను) వెనుక ఉన్న రాతి గుండుకు స్లింగు అనే గట్టి పట్టీతో కట్టి ఉంచుతున్నాం. బరువులో ఇంత తేడా ఉన్న జతకు ఇది తప్పనిసరి. రైతు ఇప్పటికీ ఎక్కబోయే ముందు, “నన్ను మోస్తవా అక్కా?” అని అడుగుతాడు. “మోసుడు నా పని కాదు, పట్టుడే నా పని. ఎక్కు,” అని ఆమె జవాబు.

నల్లమలలో అమ్రాబాద్ వైపు చెంచులు కొండచరియలకు పట్టే తేనె తీయడానికి తాడు మీద దిగినప్పుడు, పైన తాడుకు కాపలా ఉండేది దిగినవాడి బావమరిదేనని చెబుతారు. తోబుట్టువు కాపురం ఆ తాడుకే వేలాడుతున్నప్పుడు ఆమె అన్నదమ్ముడు ఏమరుపాటుగా ఉండడని దాని భావం. మా ఐదుగురికీ ఎవరితోనూ ఎవరికీ చుట్టరికం లేదు. ఆ లోటును తనిఖీతో తీర్చుకుంటాం: ఎక్కే మనిషి నడుము దగ్గర తాడుకు వేసిన ఎనిమిది అంకె ఆకారపు ముడిని పట్టే మనిషి వేలితో తడిమి చూడాలి, పట్టే మనిషి కారబైనర్ (లోహపు కొక్కెం) తాళం పడిందో లేదో ఎక్కే మనిషి నొక్కి చూడాలి, ఇద్దరి నడుము పట్టీల బకిల్సూ ఇద్దరూ చూడాలి. ఎంత అనుభవం ఉన్నా, ఎంత చిన్న బండ అయినా ఇది మానడానికి లేదు. సారు ముడి చూడడానికి తమ్ముడు మొదట్లో మొహమాటపడేవాడు. “వయసు జూడకు, ముడి జూడు,” అని సారే చనువిచ్చారు. ఒకరు పైన ఉండగా కింద పట్టుకున్నవారిని ఎవరూ పలకరించకూడదన్న నియమం కూడా ఉంది. మా గుంపులో అన్నిటికంటే కష్టంగా అమలవుతున్నది ఇదే.

ఈ తాడుకు ఒక పుస్తకం ఉంది. రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కులో తేదీ, గుట్ట, తాడు మోసినవారు, గట్టి పతనాలు, వ్యాఖ్య అని గడులు గీసుకున్నాం. “సగం గుర్తుకు అవతల నూగు లేచింది, లోపల గుండ్రంగానే ఉంది” అని అక్క చేతిరాతలో ఒక వ్యాఖ్య కనిపిస్తుంది (సగం గుర్తంటే తాడు మధ్యను చూపే గుర్తు). ప్రతి రోజు పని ముగిశాక తాడు మొత్తాన్ని ఒక చివర నుంచి మరొక చివరకు వేళ్ల మధ్య నుంచి లాగుతూ తడిమి చూసి, అనుమానం వచ్చిన చోట చిన్న ఉచ్చుగా వంచుతాం. ఉచ్చు గుండ్రంగా తిరిగితే లోపలి పోగులు బాగున్నట్టు. చదునుగా మడత పడితే ఆ చోట లోపల దెబ్బ తగిలినట్టు. ఈ పనికి తీరిగ్గా కూర్చోవాలి గనుక మా భోజనాలు కూడా అప్పుడే అవుతాయి. ఇద్దరు తాడు తడుముతుంటే మిగతావారు సద్దులు విప్పుతారు. జొన్న రొట్టె, పల్లి చట్నీ సారువి. సీజన్‌లో బాలానగర్ సీతాఫలాలు నేను తెస్తాను. బత్తాయిలు ఎవరు తెస్తారో చెప్పనక్కరలేదు. తాడు పట్టుకున్న చేతితో తినడం, తిన్న చేతితో తాడు పట్టుకోవడం రెండూ నిషిద్ధం.

ఉతకడం ఏడాదికి ఒకసారి. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా మెత్తటి సబ్బు, ఆ తర్వాత నీడలో రెండు మూడు రోజుల ఆరబెట్టు. నైలాన్‌కు ఎండ పడదు, బ్యాటరీ యాసిడ్ అసలే పడదు. అందుకే ఇన్వర్టర్ ఉన్న గదిలో తాడు ఉంచం. తమ్ముడి ఇంట్లో వరండా నిండా తాడు వేలాడదీసినప్పుడు వాళ్లమ్మ ఆ ఇంటి బట్టలను డాబా మీదికి మార్చి, “బట్టలకు ఎండ గావాలె, మీ తాడుకేమో నీడ గావాలె, మనుషులకంటె దానికే మర్యాద ఎక్కువైంది,” అన్నారు. అది నిందో, ఒప్పుకోలో ఇప్పటికీ మాకు తెలియదు.

ఇక లోపాలు. మీటరుకు 66 గ్రాముల లెక్కన తాడు దాదాపు నాలుగు కిలోలు తూగుతుంది. నీళ్ల సీసాలు, హెల్మెట్లు, పరికరాలతో కలిపి గుట్ట మొదలు దాకా నడిచేటప్పుడు ఆ బరువు తెలుస్తుంది. రెండో చలికాలం నుంచి తాడు బిరుసెక్కింది, కొత్తలో ఉన్న మెత్తదనం ఎన్ని సార్లు ఉతికినా తిరిగి రాలేదు. మధ్య భాగాన్ని చూపే నల్ల గుర్తు తొందరగా వెలిసిపోయింది. ఇది చిన్న విషయం కాదు. సగం ఎక్కడో తెలియకుండా బండ మీద నుంచి తాడు వేస్తే ఒక కొస నేలకు అందకపోవచ్చు. దిగేవారు ఆ కొస నుంచి జారిపోకుండా రెండు కొసలకూ ముడులు వేయడం మేం ఎప్పుడూ మానలేదు. తాడు కొసలే ముందుగా అరుగుతాయి గనుక మూడో ఏట రెండు వైపులా రెండేసి మీటర్లు కోసేశాం. ఒక వైపే కోస్తే సగం గుర్తు అబద్ధం చెబుతుందని గుర్తుంచుకోవాలి. తాడు పైకి వెళ్లి మళ్లీ కిందికి రావాలి గనుక, మిగిలిన 56 మీటర్లతో 25 మీటర్లకు మించిన బండ జోలికి వెళ్లలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఉమ్మడి వస్తువులు చెడేది ఎక్కువగా అక్కడే. పది వేల రూపాయలు దాటిన ధరను ఐదు సమాన వాటాలు చేశాం. మూడో ఏట తమ్ముడికి పటాన్‌చెరులో అప్రెంటిస్‌షిప్ దొరికి ఆదివారాలు రావడం తగ్గినప్పుడు, అతని వాటా తిరిగి ఇవ్వాలా అన్న ప్రశ్న వచ్చింది. రైతు ఇచ్చేద్దామన్నాడు, సారు అరిగిన తాడుకు కొత్త ధర ఎట్లా కడతామన్నారు. చివరికి తమ్ముడే డబ్బు వద్దన్నాడు, కానీ పుస్తకంలో తన పేరు కొట్టేయవద్దని షరతు పెట్టాడు. ఇలాంటి లెక్కలు కొనేటప్పుడే కాగితం మీద పెట్టుకోవడం మంచిదని నా సలహా. మాకు నడిచింది గనుక అందరికీ నడుస్తుందని చెప్పలేను.

తాడును ఎప్పుడు మానేయాలన్న విషయంలో తయారీదారుల సూచనలు దాదాపు ఒకేలా ఉంటాయి: వారం వారం వాడితే ఏడాది, నెలకు ఒకటి రెండుసార్లయితే నాలుగైదేళ్లకు మించకుండా, అసలు విప్పకుండా పెట్టెలో ఉంచినా పదేళ్లు. మేం దీనికి మరొక నియమం చేర్చుకున్నాం. ఐదుగురిలో ఏ ఒక్కరికి అనుమానం వచ్చినా తాడు పని ముగిసినట్టే, దాని మీద ఓటింగు ఉండదు. నాలుగో చలికాలం చివర ఒక కొసకు ఆరు మీటర్ల దూరంలో ఉచ్చు సరిగా తిరగడం లేదని అక్క అన్నది. రైతు పట్టి చూసి బాగానే ఉందన్నాడు, నాకూ బాగానే అనిపించింది. అయినా ఆ రోజే కోశాం. ముక్కలను మళ్లీ ఎవరూ ఎక్కడానికి వాడకుండా ఒక్కొక్కరికి 11 మీటర్ల పైచిలుకు పంచుకున్నాం. సారు తన వాటాతో బడి పిల్లలకు ముడులు నేర్పుతున్నారు. రైతు ట్రాక్టరు మీద బత్తాయి పెట్టెలు కడుతున్నాడు.

మొత్తం మీద, పై నుంచి యాంకర్ కట్టి గ్రానైటు గుట్టలెక్కే నలుగురైదుగురి బృందానికి ఈ మందం, ఈ పొడవు గల తాడును ధైర్యంగా సిఫారసు చేస్తాను. ఒంటరిగా తిరిగేవారికి, రాచకొండ లాంటి కోటల్లో నడకకు మాత్రమే వెళ్లేవారికి ఇది అనవసరపు బరువు. శిక్షణ లేకుండా తాడు మాత్రమే కొనేవారికి అయితే అసలు సిఫారసు చేయను. మేం మళ్లీ ఇదే మందం తీసుకుంటున్నాం. ఈసారి 70 మీటర్లదైతే పెద్ద బండలు కూడా అందుతాయని సారు అంటున్నారు. పెరిగే 660 గ్రాములు ఎవరు మోయాలో ముందు తేల్చమని రైతు పట్టుబట్టడంతో చందా వసూలు ఇంకా మొదలు కాలేదు.