కుందేలు మేత మానేస్తే: ఇంట్లో చూసుకోవాలా, డాక్టరుకు చూపించాలా?

విజయనగరంలో మే నెల ఉదయం. మా కుందేలు కొత్తిమీర వాసన చూసి ముఖం తిప్పేసుకుంది. మూలన ముడుచుకుని పళ్లు పటపట కొరుకుతోంది. అది నొప్పికి గుర్తు. బోనులో రాత్రి నుంచి ఒక్క పెంటిక లేదు.

ఖర్చు: ఇంట్లో అయితే ఎండుగడ్డి, నీళ్లు, అంతే. డాక్టరుకైతే ఫీజు, మందులు, ఆటో.

శ్రమ: ఇంట్లో అయితే గంటగంటకూ పెంటికలు చూడాలి. బయటికైతే ఎండలో బుట్ట మోయాలి. గుడ్డ చుట్టిన చల్లటి నీళ్ల సీసా పక్కన పెట్టండి, కుందేలు వేడికి తట్టుకోలేదు.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. 12 గంటలు ఏమీ తినకపోతే అవి మందగించి గ్యాస్ పట్టేస్తుంది. ప్రాణం మీదికొస్తుంది. పైగా దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి తక్కువైతే అవి అరగక నోట్లో గుచ్చుకుంటాయి, వెనక పళ్లు మనకు కనపడవు కూడా.

పెల్లెట్లు (గుళికల మేత) మార్చినందుకు అలిగినా, గడ్డి నములుతూ పెంటికలు మామూలుగా వేస్తుంటే ఇంట్లోనే ఆగొచ్చు. పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. గడ్డి కూడా ముట్టకపోతే మాత్రం సాయంత్రం దాకా ఆగకండి. కుందేళ్లను చూస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పశువైద్య కళాశాల మన విజయనగరం జిల్లా గరివిడిలోనే ఉంది.