నల్లగొండ నుంచి స్లోన్ ఆకాశ సర్వే భాండాగారం: స్కైసర్వర్, క్యాస్‌జాబ్స్ సేవలపై సమీక్ష

బీఎస్సీ, ఎమ్మెస్సీ భౌతికశాస్త్ర విద్యార్థులకు ప్రాజెక్టు పని కోసం నిజమైన ఖగోళ దత్తాంశం ఎక్కడ దొరుకుతుందని అడిగే తోటి అధ్యాపకులకు నేను మొదట చెప్పే పేరు స్లోన్ డిజిటల్ స్కై సర్వే. దాని దత్తాంశాన్ని ప్రజలకు అందించే స్కైసర్వర్, దానికి తోడుగా ఉన్న క్యాస్‌జాబ్స్ అనే రెండు వెబ్ సేవలను నల్లగొండలో బోధిస్తూ నేను విద్యార్థులతో విస్తృతంగా వాడించాను. వీటికి రుసుము లేదు. ఏ విశ్వవిద్యాలయం నుంచి వచ్చారని అడిగేవారు లేరు. చిత్రాలు చూసి ఆనందించడానికైతే ఇంతకన్నా సులభమైన సేవలు చాలా ఉన్నాయి. ఆకాశం నుంచి వచ్చిన ముడి సమాచారాన్ని ఎలా శుద్ధి చేశారు, ఎలా భద్రపరిచారు, అడిగినవారికి ఎలా అందిస్తున్నారు అనే మూడు విషయాల్లో మాత్రం నాకు తెలిసిన సేవల్లో దీనిదే మొదటి స్థానం.

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో అపాచీ పాయింట్ వేధశాలలో ఉన్న 2.5 మీటర్ల దూరదర్శిని ఈ సర్వేకు ఆధారం. 2000లో క్రమబద్ధంగా మొదలైన సర్వేలో 30 సీసీడీలు (కాంతిని విద్యుత్ సంకేతాలుగా మార్చే చిప్‌లు) ఉన్న కెమెరాతో, ఐదు రంగుల వడపోతల ద్వారా, 2009 వరకు ఆకాశంలో మూడో వంతుకు పైగా చిత్రించారు. ఆకాశం కెమెరా ముందు నుంచి జారిపోతుంటే ఆ జారుడు వేగానికి సరిగ్గా సరిపోయేలా సీసీడీలను చదువుతూ పోవడం దాని పద్ధతి. కాబట్టి ఒక్కొక్క నక్షత్రం ఒక్కొక్క వడపోత కింద సుమారు 54 సెకన్లు ఉంటుంది. తొలినాళ్లలో ఆ ముడి దత్తాంశాన్ని టేపుల మీద రాసి షికాగో సమీపంలోని ఫెర్మీల్యాబ్‌కు పంపేవారు. అక్కడి సాఫ్ట్‌వేర్ ఆకాశపు నేపథ్య కాంతిని తీసివేసి, ప్రతి కాంతి బిందువునూ గుర్తించి, ఒకదానిమీద ఒకటి పడిన గెలాక్సీలను విడదీసి, స్థానాన్నీ ప్రకాశాన్నీ లెక్కకట్టేది. ఇప్పుడు చిత్రాలు, వర్ణపటాల (కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన నమోదుల) ఫైళ్లు యూటా విశ్వవిద్యాలయం నిర్వహించే భాండాగారంలో ఉన్నాయి. వాటి నుంచి తీసిన పట్టికలు జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలోని డేటాబేస్‌లో ఉన్నాయి. మనం స్కైసర్వర్‌లో చూసేది ఈ రెండో భాగాన్ని.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ పట్టికల్లోని ప్రతి సంఖ్యకూ ఉన్న ఆనవాలు. ఏదైనా ఒక గెలాక్సీ ప్రకాశాన్ని తీసుకుంటే దాని పక్కనే రన్, రీరన్, క్యామ్‌కాల్, ఫీల్డ్ అనే సంఖ్యలు కనిపిస్తాయి. దూరదర్శిని చేసిన ఏ స్కాన్‌లో అది నమోదైందో రన్ చెబుతుంది. కెమెరాలోని ఆరు వరుసల్లో ఏ వరుసో క్యామ్‌కాల్ చెబుతుంది. ఆ వరుసలో ఏ చిత్రఖండమో ఫీల్డ్ చెబుతుంది. ఇక రీరన్ అనేది అదే ముడి దత్తాంశాన్ని ఏ రూపంలోని సాఫ్ట్‌వేర్‌తో శుద్ధి చేశారో తెలిపే సంఖ్య. అంటే ఒక కొలత మీద అనుమానం వస్తే, ఆ ఆనవాళ్లను పట్టుకుని సరిగ్గా ఆ చిత్రఖండాన్ని దింపుకుని, పిక్సెళ్ల స్థాయిలో మనమే మళ్లీ కొలిచి చూసుకోవచ్చు. పాఠ్యపుస్తకంలో ఇచ్చిన విలువను నమ్మడానికి అలవాటుపడిన విద్యార్థికి, ఒక విలువను ఎక్కడి నుంచి వచ్చిందని ప్రశ్నించే అవకాశం ఇవ్వడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

రెండో గొప్ప గుణం పాత విడుదలలను చెరపకపోవడం. సర్వే తన దత్తాంశాన్ని విడుదలలుగా ప్రకటిస్తుంది. 2025 జులైలో వచ్చినది 19వది. ఒకసారి ప్రకటించిన విడుదలను మార్చరు. లోపం బయటపడితే దాన్ని బహిరంగంగా ప్రకటించి, సవరణను తర్వాతి విడుదలలో చేర్చుతారు. 2011లో వచ్చిన 8వ విడుదలలో, క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికి, దక్షిణానికి కొలిచే కోణం) +41 డిగ్రీలకు ఉత్తరాన ఉన్న వస్తువుల స్థానాల్లో ఒక క్రమదోషం దొర్లింది. దాన్ని దాచకుండా ప్రకటించారు. 2012లో 9వ విడుదలలో సరిదిద్దారు. మన పల్లెల్లో భూమి తగాదా వస్తే, ఎన్ని కొత్త పాసుపుస్తకాలు వచ్చినా చివరికి 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించి చూస్తారు. అది చెక్కుచెదరకుండా ఉంది కాబట్టే ఆ తర్వాతి మార్పులను దానితో పోల్చి తేల్చగలుగుతున్నారు. 8వ విడుదలతో ఎవరో రాసిన పరిశోధనా పత్రాన్ని నేడు పరీక్షించాలన్నా అదే ఏర్పాటు కావాలి. ఫలితంలో తేడా ఆకాశంలో ఉందా, శుద్ధి చేసిన పద్ధతిలో ఉందా అన్నది వేరే దారిలో తేలదు.

ఈ సూత్రం విలువ మన ప్రాంతానికి స్లోన్ సర్వే కంటే ఎంతో ముందే తెలుసు. 1887లో పారిస్‌లో తలపెట్టిన అంతర్జాతీయ ఆకాశ పటం పనిలో హైదరాబాదులోని నిజామియా వేధశాల చేరి, క్రాంతి −17 నుంచి −23 డిగ్రీల మధ్య ఉన్న మండలాన్ని, ఆ తర్వాత +36 నుంచి +39 డిగ్రీల మండలాన్ని ఫొటో పలకల మీద చిత్రించింది. వేధశాల సంచాలకులు పోకాక్, ఆయన తర్వాత భాస్కరన్ ఆధ్వర్యంలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలను కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు. ఆ సంపుటాల్లో ప్రధానంగా ఉన్నది పలక మీద ప్రతి నక్షత్రానికీ కొలిచిన అడ్డు, నిలువు దూరాలు. వాటిని ఆకాశ స్థానాలుగా మార్చే గుణకాలను విడిగా ఇచ్చారు. కొలత వేరుగా, దాన్ని మార్చే లెక్క వేరుగా ఉండటం వల్ల, హిప్పార్కస్ ఉపగ్రహం ఇచ్చిన మెరుగైన ప్రమాణ నక్షత్రాలతో 1990లలో అమెరికా నౌకాదళ వేధశాల ఆ కొలతలన్నిటినీ మళ్లీ లెక్కకట్టగలిగింది. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల చలనాలను నిర్ణయించడానికి ఆ పాత కొలతలు ఎంతో తోడ్పడ్డాయి. బేగంపేటలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని పలకలను కొలిచినవారి శ్రమ వృథా పోలేదు. ఇది మన విద్యార్థులకు తప్పక చెప్పవలసిన విషయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక వాడుక సంగతి. స్కైసర్వర్ 2001 జూన్‌లో మొదలైంది. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యులైన జిమ్ గ్రే, అలెక్స్ సాలే ముందుగా ఖగోళ శాస్త్రజ్ఞులు అడగదలచుకున్న 20 ప్రశ్నలను సేకరించి, వాటికి జవాబివ్వగలిగేలా డేటాబేస్‌ను కట్టారు. దత్తాంశాన్ని మన దగ్గరికి మోసుకురావడం కంటే ప్రశ్నను దత్తాంశం దగ్గరికి పంపడం మేలన్నది గ్రే సూత్రం. జిల్లా కేంద్రాల్లోని కళాశాలలకు ఈ సూత్రం ఎంత అనుకూలమో చెప్పనవసరం లేదు. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ను ప్రశ్నించే భాషలో) రాసిన కొన్ని పంక్తుల ప్రశ్నను పంపితే కోట్ల వస్తువుల పట్టికను అక్కడి యంత్రాలే వెతికి, మనకు కావలసిన కొన్ని వందల వరుసలను మాత్రం పంపుతాయి. క్యాస్‌జాబ్స్‌లో ఉచితంగా ఖాతా తెరిస్తే మైడీబీ అనే సొంత నిల్వ స్థలం ఇస్తారు. ఫలితాన్ని అక్కడే దాచుకుని, దాని మీదే మరో ప్రశ్న వేయవచ్చు. నిమిషంలోపు తేలే ప్రశ్నలకు ఒక వరుస, గంటల తరబడి నడిచేవాటికి మరొక వరుస ఉంటాయి. రెండో వరుసలో పని అప్పగించి ఇంటికి వెళ్లి మరునాడు ఫలితం తీసుకోవచ్చు. దానికి అనుసంధానమైన సైసర్వర్‌లో బ్రౌజర్ నుంచే పైథాన్ నడుపుకోవచ్చు కాబట్టి ప్రయోగశాలలో పాత కంప్యూటర్లున్నా పని ఆగదు. ఎంపీసీఎస్ గ్రూపు విద్యార్థులకు ఎస్‌క్యూఎల్ ముందే పరిచయం ఉంటుంది కనుక, వారు భౌతికశాస్త్రం మాత్రమే చదివినవారి కంటే త్వరగా అందుకుంటారు.

మా విద్యార్థులకు నేను ఇచ్చే పని కోమా గెలాక్సీ గుచ్ఛానికి సంబంధించినది. చైత్ర, వైశాఖ మాసాల రాత్రుల్లో నల్లగొండ నడినెత్తికి కొంచెం ఉత్తరంగా వచ్చే ఆ గుచ్ఛంలోని గెలాక్సీల వేగాలను పరిశీలించే 1933లో ఫ్రిట్జ్ జ్వికీ, కంటికి కనిపించని ద్రవ్యం ఉండి తీరాలని వాదించాడు. విషువాంశ (ఖగోళ మధ్యరేఖ వెంట తూర్పుగా కొలిచే కోణం) 195 డిగ్రీలు, క్రాంతి 28 డిగ్రీల చుట్టూ వెతకమని ప్రశ్న రాయాలి. కేంద్ర స్థానాన్ని డిగ్రీల్లో, వ్యాసార్ధాన్ని ఆర్క్‌మినిట్లలో (డిగ్రీలో 60వ వంతుల్లో) ఇవ్వవలసి ఉంటుంది. విద్యార్థులు తడబడేది ఎక్కువగా ఇక్కడే. రెడ్‌షిఫ్ట్ (గెలాక్సీ దూరంగా పోతుండటం వల్ల వర్ణపట గీతలు ఎరుపు వైపు జరిగిన పాలు) 0.015, 0.032 మధ్య ఉన్నవాటినే తీసుకుని, రెడ్‌షిఫ్ట్ కొలతపై అనుమానం తెలిపే హెచ్చరిక సంఖ్య సున్నాగా ఉన్నవాటిని మాత్రమే మిగుల్చుకోవాలి. తర్వాత కొన్ని వర్ణపటాలను ఒక్కొక్కటిగా తెరిచి చూడమంటాను. ప్రయోగశాలలో 3934 ఆంగ్‌స్ట్రాముల దగ్గర ఉండవలసిన కాల్షియం కె గీత 4024 దగ్గర కనిపిస్తుంది. ఆ జరుగుడును స్కేలుతో కొలిచి, తాము లెక్కకట్టిన విలువ డేటాబేస్ ఇచ్చిన 0.023కు దగ్గరగా రావడం చూసినప్పుడు విద్యార్థులకు కలిగే నమ్మకం ఏ ఉపన్యాసంతోనూ రాదు. మొత్తం వేగాల పంపిణీ గీస్తే అవి సగటు నుంచి సెకనుకు సుమారు వెయ్యి కిలోమీటర్ల మేర చెదిరి ఉన్నట్టు తేలుతుంది. అంత వేగంతో కదులుతున్న గెలాక్సీలను, కనిపించే నక్షత్రాల ద్రవ్యరాశి ఒక్కటే పట్టి ఉంచలేదని వారే లెక్కతో తేల్చుకుంటారు.

అదే పని ఈ సేవ పరిమితిని కూడా చూపిస్తుంది. వర్ణపటాల కోసం రంధ్రాలు చేసిన అల్యూమినియం పలకల్లో కాంతిని మోసుకెళ్లే 640 ఫైబర్లను అమర్చేవారు. ఏ రెండు ఫైబర్లూ 55 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) కంటే దగ్గరగా ఇమడవు. కాబట్టి గెలాక్సీలు కిక్కిరిసిన గుచ్ఛం నడిబొడ్డులోనే కొన్నిటికి వర్ణపటాలు ఉండవు. ఈ సంగతిని సర్వేవారు పత్రాల్లో స్పష్టంగా రాశారు గానీ, కొత్తగా వచ్చినవారికి పట్టిక చూసినంత మాత్రాన తెలియదు. విలువ లేనిచోట −9999 అని నింపి ఉంటుంది. దాన్ని తొలగించకుండా సగటు కడితే ఫలితం పనికిరాదు. సుమారు 14వ ప్రకాశ తరగతి (మాగ్నిట్యూడ్; సంఖ్య తగ్గేకొద్దీ ప్రకాశం ఎక్కువ) కంటే ప్రకాశవంతమైన నక్షత్రాలు కెమెరాను ముంచెత్తుతాయి కనుక, కంటికి కనిపించే ఏ నక్షత్రపు ప్రకాశానికైనా ఈ పట్టికను ఆశ్రయించరాదు. పెద్దగా విస్తరించి కనిపించే దగ్గరి గెలాక్సీలను సాఫ్ట్‌వేర్ ముక్కలుగా విడగొట్టి వేర్వేరు వస్తువులుగా నమోదు చేసిన సందర్భాలున్నాయి. మైడీబీ నిల్వ కూడా పెద్ద పరిశోధనకు చాలదు.

మన అక్షాంశం నుంచి చూస్తే అన్నిటికన్నా పెద్ద లోటు దక్షిణాకాశం. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న నల్లగొండకు దక్షిణాన చాలా ఆకాశం కనిపిస్తుంది. స్లోన్ చిత్రాల్లో అందులో అధిక భాగం లేదు. నిజామియా మొదట కొలిచిన −17 నుంచి −23 డిగ్రీల మండలం దాదాపు లేనట్టే. ఆ నక్షత్రాల కోసం 180 కోట్ల వస్తువుల పట్టికతో 2022లో వెలువడిన గైయా ఉపగ్రహపు మూడో విడుదలను, లేదా −30 డిగ్రీల వరకు దిగే మరో ఆకాశ సర్వే అయిన పాన్-స్టార్స్‌ను చూడాలి. పుణె వద్ద ఉన్న జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శిని భాండాగారమూ, ఆస్ట్రోశాట్ ఉపగ్రహ దత్తాంశమూ మన దేశానివే, అందరికీ తెరిచినవే. అయితే వాటిని శుద్ధి చేయడానికి కావలసిన శిక్షణ బీఎస్సీ స్థాయికి మించినది. మొదటి మెట్టుగా స్కైసర్వర్‌కు సాటి వచ్చేది నాకు కనబడలేదు. సహాయ పుటలు, పట్టికలోని ప్రతి నిలువు వరుసకూ ఇచ్చిన వివరణ చక్కగా ఉన్నా అవన్నీ ఇంగ్లిషులోనే ఉండటం తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు భారమే. పక్కన అధ్యాపకుడు కూర్చుంటే తప్ప మొదటి వారం గడవదు.

కొత్తగా మొదలుపెట్టే అధ్యాపకులు నమూనా ప్రశ్నల పుటతో ఆరంభించి, వాటిలో ఒక్కొక్క షరతును మార్చి ఫలితం ఎలా మారుతుందో చూపించడం మంచిది. ఆ తర్వాత ఖగోళ మధ్యరేఖ వెంట మళ్లీ మళ్లీ చిత్రించిన స్ట్రైప్ 82 అనే పట్టీకి వెళ్లవచ్చు. కార్తీక మాసపు రాత్రుల్లో మనకు ఎత్తుగా కనిపించే ఆ పట్టీలో చలించే, ప్రకాశం మారే వస్తువుల మీద ప్రాజెక్టులకు కొదవ లేదు. విద్యార్థి ఏది ఎంచుకున్నా, ఏ విడుదలను వాడాడో, ఏ తేదీన ఏ ప్రశ్న పంపాడో దాని పూర్తి పాఠంతో సహా ప్రాజెక్టు నివేదిక అనుబంధంలో ఉండాలని నేను నియమం పెట్టాను. అవి లేని నివేదికకు మార్కులు వేయను.